కీర్తనల అట్టలో కౌబాయ్

మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. ఆయన ఎదురుపడితే సైకిలు దిగి నడిచేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. అంతటి మనిషి బతికినన్నాళ్లూ కౌబాయ్ డిటెక్టివ్ నవలలు చదివారు. ఈ సంగతి తెలిసినవాళ్లం లోకంలో ముగ్గురమే అని నా నమ్మకం. ఒకరు ఆయన, ఒకరు నేను, మూడో మనిషి అమలాపురంలో పుస్తకాలు బైండు చేసే ముసలాయన.

ముందు ఆ నవలల గురించి చెప్పాలి. సాహిత్య సభల్లో వాటి ఊసెత్తేవాళ్లు లేరు కాబట్టి నేనే చెబుతాను. జేబులో పట్టే పుస్తకం, ముట్టుకుంటే పొడి రాలే కాగితం. అట్ట మీద తుపాకీ పట్టుకున్న గడ్డం మనిషి, అతని వెనక ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి నవల మొత్తం వెతికినా కనపడదు. రాసినాయన అమెరికా మొహం చూసి ఉండడు. గుర్రాన్ని ఏ పెళ్లి ఊరేగింపులోనో చూసి ఉంటాడు. అందుకే ఆయన టెక్సాస్‌లో షెరీఫ్ పొద్దున్నే వేపపుల్లతో పళ్లు తోముకుని డ్యూటీకి బయల్దేరతాడు. దొంగలు కొండ గుహలో కూర్చుని ఆవకాయ కలుపుకుంటారు. ఎడారిలో దాహంతో పడిపోయిన హీరోకి సరిగ్గా ఆ పక్కనే కొబ్బరిబొండం దొరుకుతుంది. ఎలా దొరికిందని మేం అడగలేదు. శవం మూడో పేజీలో పడాలి, హంతకుడు ఆఖర్న దొరకాలి, మధ్యలో తుపాకులు పేలుతూ ఉండాలి. సాహిత్యం నుంచి ఇంతకన్నా ఏం కావాలో నాకు ఇప్పటికీ తెలియదు. నేను లెక్కల టీచర్ని, పెద్దలు క్షమించాలి.

మా అమ్మకు నవలన్నా సినిమా అన్నా సాతాను పని. పెళ్లయిన మొదటి వారంలోనే ఈ రెండూ ఇంట్లోకి రాకూడదని చెప్పేసిందట. నాన్నగారు "ఆయ్" అన్నారట. తరవాత తిన్నగా అమలాపురం బస్సెక్కి బైండింగు ముసలాయన దగ్గరికి వెళ్లారు. అప్పటికి ఆయనా కుర్రాడేలెండి.

మా ఇళ్లలో బైబిలుకీ కీర్తనల పుస్తకానికీ నల్ల రెక్సిన్ అట్ట వేయించడం ఆనవాయితీ. రోజూ చేతిలో నలిగే పుస్తకాలు కదా, గట్టిగా ఉండాలి. పేజీల అంచులకు ఎర్ర రంగు పూస్తారు, వీపు మీద బంగారు రంగు అక్షరాలు అద్దుతారు. నాన్నగారు నాలుగేసి కౌబాయ్ నవలలు ఒక బొత్తిగా పెట్టి, అలాగే నల్ల అట్ట వేయించి, వీపు మీద "కీర్తనలు" అని అచ్చు కొట్టించారు. ఆ ముసలాయన చొక్కా లోపల జంధ్యం ఉండేది. "పుస్తకం పుస్తకమే కదండీ, ఏదైతే ఏవుందండీ" అని నవ్వి ఊరుకునేవాడట. ఇలాంటివి మా ముందు గది అలమరాలో, అసలు కీర్తనల పక్కన, పన్నెండు చేరాయి. అమ్మ వారానికోసారి వాటిని భక్తిగా తుడిచేది.

నాకు పదేళ్లప్పుడు ఆయన చదువుతుంటే పట్టేసుకున్నాను. కీర్తనల పుస్తకంలో తుపాకీ బొమ్మ ఎందుకుందని అడిగాను. నాన్నగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివి వినిపించారు. లంచం అనండి, ఏమైనా అనండి. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక పార్టీ.

అయితే నాకొక దుర్గుణం ఉండేది. ఆఖరి పేజీలు ముందే చూసేసి, మధ్యలో ఆయన కష్టపడి ఆలోచిస్తుంటే "మంగలే నాన్నగారూ" అనేసేదాన్ని. రెండుసార్లు ఓర్చుకున్నారు. మూడోసారి మళ్లీ బైండింగు ముసలాయన దగ్గరికి వెళ్లారు. అప్పట్నుంచి మా పుస్తకాల్లో ప్రతి నవలకీ ఆఖరి పదహారు పేజీలు కలిపి బయటి అంచున వదులుగా ఒక దారం కుట్టు వచ్చేది. కుట్టుకు ముందు ఒక తెల్ల కాగితం అతికించేవాడు. మా రూలు ఏమిటంటే, నవల అక్కడిదాకా చదివాక ఆ కాగితం మీద మొదటి లైన్లో ఆయన, రెండో లైన్లో నేను, ఎవరు హంతకుడో పెన్సిలుతో రాయాలి. ఇద్దరూ రాసేదాకా కుట్టు కోయకూడదు. రాశాక గడ్డం గీసుకునే బ్లేడుతో ఆయనే కోసేవారు. ఆ కుట్టు తెగుతుంటే నా గుండె కొట్టుకోవడం నాకు వినిపించేది. పరీక్ష ఫలితాలకి కూడా అంత కొట్టుకోలేదు.

ఒక ఆదివారం ఆయన తొందరలో తప్పు పుస్తకం చర్చికి పట్టుకొచ్చేశారు. పాట ఎత్తుకోవలసింది ఆయనే. నిలబడి పుస్తకం తెరిచారు. పక్కనున్న నాకు కనిపించింది, ఆ పేజీలో షెరీఫ్ బావిలోంచి శవాన్ని పైకి లాగుతున్నాడు. నాన్నగారు రెప్ప వేయకుండా ఆ శవాన్నే చూస్తూ నాలుగు చరణాలూ నోటికి పాడేశారు. బయటికొచ్చాక ఆయన చేతులు పట్టుకుని "పుస్తకం ఉత్తినే పట్టుకున్నారు గానండీ, చూడనే లేదండీ, అంతా కంఠతా వచ్చండీ" అని పొగిడినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

సినిమాలైతే అమలాపురం వెళ్లి చూసేవాళ్లం. డీఈవో ఆఫీసులో పని అనో, నాకు జామెట్రీ బాక్సు కొనాలనో చెప్పేవారు. నాకు కొన్న జామెట్రీ బాక్సులతో ఒక స్కూలు నడపవచ్చు. అందరూ ఎగబడే సినిమాలు ఆయనకు పట్టవు. నాలుగు రోజులాడి డబ్బా సర్దుకునే సాహస చిత్రాలంటే ప్రాణం. నిధి, దీవి, మ్యాపులో సగం ముక్క, రబ్బరు మొసలి. ఒక సినిమాలో మొసలి పొట్ట కింద జిప్పు కనిపించింది. హీరో దాంతో అయిదు నిమిషాలు పోరాడాడు, జిప్పు మాత్రం తీయలేదు. ఇంకోదాంట్లో కౌబాయ్‌లు ఎడారిలో గుర్రాల మీద వెళ్తుంటే వెనక తెల్లగా నీళ్లు, నీళ్ల మీద లాంచీ. నాన్నగారు ఎగిరి లేచి, "అమ్మా, అది మన గోదారి ఇసకతిప్పే! టెక్సాస్‌కి లాంచీ వేసేరు!" అని అరిచారు. హాల్లో మాతో కలిపి తొమ్మిది మందిమి ఉంటే తొమ్మిది మందిమీ చప్పట్లు కొట్టాం. నాకు తెలిసి ఆ సినిమాకి పడిన చప్పట్లు అవే.

పెళ్లయ్యాక కూడా నేను ఎక్కడికీ పోలేదు, పక్క వీధిలోనే కాపురం. నాన్నగారు పదవిలో ఉన్నా, రిటైరైనా, పుస్తకం దొరికినప్పుడల్లా మా ఆట సాగింది. దొరకడమే కష్టమైంది. ఆ నవలలు వేసేవాళ్లు ఎప్పుడో మానేశారు, పాతవన్నీ పొట్లాలైపోయాయి. పోయిన సంవత్సరం ముందటేడు బైండింగు ముసలాయన ఎక్కడో పాత కాగితాల కుప్పలో మేం చదవనిది ఒకటి పట్టుకుని, దానికి కుట్టు వేసి, అట్ట వేసి పంపాడు. నాన్నగారు నన్ను గేటు దగ్గరే ఆపేశారు.

"అమ్మా, దొరికిందమ్మా. నేను చదివేసి రాసేసేను. నువ్వు కూడా చదివి రాసేస్తే కోసేద్దాం."

"ఈ ఆదివారం కూర్చుంటాను నాన్నగారూ" అన్నాను.

ఆ ఆదివారం రాలేదు. అప్పటికి నేను ఫోన్లో సిరీస్‌ల మనిషినయ్యాను. ఏ మంచుదేశంలోనో ఎనిమిది ఎపిసోడ్లలో హంతకుణ్ణి పట్టుకునేదాన్ని. వేపపుల్ల షెరీఫ్ ఎక్కడికి పోతాడులే అనుకున్నాను. నాన్నగారి ఇంటికి రోజూ వెళ్లేదాన్ని. కాఫీ తాగి, బీపీ మందు వేసుకున్నారో లేదో చూసి, స్కూటీ తాళం ఆడించుకుంటూ వచ్చేసేదాన్ని. ఆయన మొదట్లో రోజూ అడిగారు, తరవాత వారానికోసారి అడిగారు, తరవాత అడగలేదు. ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మరి లేవలేదు.

సమాధి అయిన మర్నాడు అమ్మ పడుకున్నప్పుడు పదకొండు పుస్తకాలు ఎరువుల సంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఊరంతా దేవుడి మనిషి అని ఏడుస్తుంటే, అలమరాలోంచి బందిపోట్లు బయటపడితే అమ్మ తట్టుకోలేదని నా భయం. కానీ ఆ కొత్తది, కుట్టు కోయనిది, ఎంత వెతికినా దొరకలేదు. నాకు కావలసింది అదే. అందులో ఆయన లైను కింద నా లైను ఖాళీగా ఉంది. ఆయనకు నేను చేయాల్సి ఉండి చేయని పని అదొక్కటే అనిపించేది. అది రాసేస్తే కొంత తీరుతుందని పిచ్చి ఆశ.

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పోయినవారి భక్తి పుస్తకాలు పాస్టరు గారికి ఇవ్వడం మాలో ఉంది. నేను వంటల దగ్గర సాంబారు బకెట్లు లెక్క చూసుకుని వచ్చేసరికి, అమ్మ తెల్ల తువ్వాల్లో ఏడు నల్ల పుస్తకాలు పెట్టి పాస్టరు గారి చేతుల్లో పెడుతోంది. "ఇవన్నీ మావారి చేతుల్లో నలిగినవండీ" అంటోంది. ఆరు నలిగే ఉన్నాయి. ఏడోదాని అట్ట కొత్తగా మెరుస్తోంది. జనమంతా ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, ఏడోదాని మీంచి మాత్రం కన్ను తీయలేదు.

మర్నాడు స్కూలు వదలగానే పాస్టరు గారింటికి వెళ్లాను. కుర్రాయన, కొత్తగా వచ్చారు, మహా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కాఫీ ఇప్పించారు.

"నిన్నటి పుస్తకాల్లో ఒకటి పొరపాటున వచ్చేసిందండీ, నల్లట్టది" అన్నాను.

"అన్నీ నల్లట్టవేనండీ టీచర్ గారూ" అన్నారు ఆయన, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ.

లోపల్నించి వాళ్లావిడ గొంతు వినిపించింది. "ఏవండీ, మీ తలగడ కింద పెట్టేరు, అదేనేమో చూడండి!"

పాస్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. లోపలికెళ్లి పుస్తకం తెచ్చి, రెండు చేతులతో నాకిచ్చారు. "కీర్తనలే అనుకుని తీసేనండీ. తీసేక ఆపలేకపోయేను. కుట్టు దాకా వచ్చేసేనండీ, కోయొచ్చో కోయకూడదో తెలీక ఆగేను. అక్కడ పెద్దలిద్దరు రాసేరు, మధ్యలో నేను చెయ్యి పెట్టడం బాగోదు కదండీ."

"ఇద్దరా?" అన్నాను.

కాగితం తెరిచాను. పైన నాన్నగారి గుండ్రటి అక్షరాలు: గుర్రాల డాక్టరు. ఒక లైను ఖాళీ. దాని కింద వంకర అక్షరాలు: వంటవాడు. కారం డబ్బా మీదా ఉప్పు డబ్బా మీదా నలభై ఏళ్లుగా చూస్తున్న అక్షరాలు అవి, మా అమ్మవి.

నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు పక్కింటి వారపత్రిక చదివానని నా వీపు విమానం మోత మోగించిన మనిషి. నా ఆటలోకి, నా చోటులోకి దూరిపోయిందా? గుమ్మం దిగుతుంటే పాస్టరు గారు వెనక నుంచి, "నాకైతే షెరీఫ్ మీద అనుమానమండీ. తెలిసేక ఒక్క ఫోను కొట్టండి" అన్నారు. స్కూటీ తిన్నగా అమ్మ దగ్గరికి పోనిచ్చాను.

అమ్మ వెనక వసారాలో చేతులకు నూనె రాసుకుని పనసకాయ పొట్టు కొడుతోంది. పుస్తకం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. చూసింది. కత్తి ఆపలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాను.

"కీర్తనల పుస్తకం చదువుతూ పగలబడి నవ్వేవాణ్ణి ఎక్కడైనా చూసేవంటే? పెళ్లైన ఏడాదికే తెలుసు. పోనీలే, బయట తిరగట్లేదు, ఇంట్లోనే కూచుని చదువుకుంటున్నారని ఊరుకున్నాను."

"మరి ఇందులో ఎందుకు రాశావు?"

"నువ్వు రోజూ వచ్చేదానివి. కూచునేదానివి కాదు. ఆయన సాయంత్రం అయ్యేసరికి అది ఒళ్లో పెట్టుకుని నీ స్కూటీ చప్పుడు వినేవారు. నువ్వెళ్లిపోయేక మళ్లీ అలమరాలో పెట్టేసేవారు. చూడలేక, ఏవుందండీ అందులో, నాకు చదవండి అన్నాను. రోజుకు నాలుగు పేజీలు చదివేరు. నీకు కోపం వస్తుందని తెలుసులే. రెండో లైన్లో రాయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేరు. అది అమ్మాయిది, దాని కింద రాయి అన్నారు."

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. "అంత ఇష్టంగా చదివినదాన్ని పాస్టరు గారికెందుకిచ్చావు?" అన్నాను.

"కోస్తే ఆయనే గెలుస్తారే. ఉన్నన్నాళ్లూ ఇంట్లో ప్రతిదాంట్లోనూ ఆయన మాటే నెగ్గింది. పోయేక కూడా ఓడిపోమంటావా?" అని, కత్తి పక్కన పెట్టి, నూనె చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకుంది. "ఇంట్లో ఉంటే రోజూ చెయ్యి దాని మీదికే పోతోంది. ఒక్కదాన్నీ ఎలా కొయ్యను? పాస్టరు గారైతే చదవరనుకున్నాను."

పాస్టరు గారి తలగడ సంగతి చెప్పాను. అమ్మ కళ్లనీళ్లతోనే పొట్ట పట్టుకుని నవ్వింది.

శనివారం సెలవు పెట్టి నాన్నగారి పడక్కుర్చీలో కూర్చుని చదివాను. పశువుల మంద ఉన్న ఒక ఆసామి రాత్రి పాలు తాగి చచ్చిపోతాడు. డిటెక్టివ్ కౌబాయ్ వచ్చి మిగిలిన పాలేవని అడిగితే, విరిగిపోతే పారబోశానంటాడు వంటవాడు. మర్నాడు పొద్దున అదే వంటవాడు కౌబాయ్‌కి గడ్డపెరుగు వేసి చద్దన్నం పెడతాడు. టెక్సాస్‌లో చద్దన్నమేమిటని నేను పడీపడీ నవ్వుకున్నాను. రాసినాయన అమాయకత్వం అక్కడికి తారస్థాయికి చేరిందనుకున్నాను. ఆ ఆసామి దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొట్టిన బ్యాంకు మేనేజరు మీద నా కన్నుంది. ఖాళీ లైన్లో అదే రాశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మా నేనూ ముందు వసారాలో కూర్చున్నాం. బ్లేడు అమ్మే తెచ్చింది, కోయడం మాత్రం నాకిచ్చింది. కుట్టు తెగింది. నేను పైకి చదవడం మొదలుపెట్టాను. ఆ పదహారులో మేనేజరు ఏడో పేజీలోనే నిర్దోషి అని తేలిపోయాడు. గుర్రాల డాక్టరు పన్నెండో పేజీలో తుపాకీ గుండు తిని, పాపం, మంచివాడిగా పోయాడు. అప్పుడు కౌబాయ్ వంటవాడి వైపు తిరిగాడు. పాలు విరిగిపోయిన ఇంట్లో తెల్లారేసరికి పెరుగెలా తోడుకుందిరా, అని అడిగాడు.

నేను చదవడం ఆపి అమ్మ వైపు చూశాను.

"నేను అదే అన్నానే!" అమ్మ తొడ మీద చరుచుకుంది. "ఆ పెరుగెక్కణ్ణించి వచ్చిందండీ అని అడిగేను. మీ నాన్నగారు ఒకటే నవ్వు. రాసినాడికే తెలివి లేదు, నీకేం అర్థమవుద్దిలే అన్నారు. ఇంత చదువుకున్న మనిషికి తోడుపెట్టడం తెలీదే!"

అమ్మ మొహం అలా వెలగడం నేను ఎన్నడూ చూడలేదు. నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, ఆ పేజీలో వేలు పెట్టుకుని లేచింది. గబగబా ముందు గది గుమ్మం దాకా వెళ్లి, "ఏవండీ, వంటవాడేనండీ" అంది. అక్కడే ఆగిపోయింది.

నేను లేచి దగ్గరికి వెళ్లాను. అమ్మ వెనక్కి తిరగలేదు.

"మేవిద్దరం రాసేసేం కదండీ, కోసేద్దాం అని ఎన్నిసార్లన్నానో. వినలేదే. అమ్మాయి లైను ఖాళీగా ఉంది, రూలు రూలే అన్నారు" అంది. "నువ్వొక్క పూట కూచునుంటే, ఆయన తెలుసుకుని వెళ్లేవారు."